పాత్ర ముఖం, తార ముఖం

తెలుగు సినిమా మీద మన విమర్శకులు రాసింది తక్కువేమీ కాదు. కథల మీద రాశారు, పాటల మీద రాశారు, మాటల మీద, సెన్సారు మీద, నిర్మాతల పెట్టుబడి మీద రాశారు. కానీ సినిమా ఊళ్లోకి రాకముందే దాని పాత్రల్ని నలభై అడుగుల గుడ్డ మీద నిలబెట్టి జనానికి పరిచయం చేసిన చిత్రకారుడి గురించి దాదాపు ఏమీ రాయలేదు. అది కళ కాదు, వ్యాపార ప్రచారం అన్నది మొదట్లో మన ధోరణి. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి ఆ చిత్రకారుల చేతుల్లోంచి కుంచె లాగేసుకున్నాక ధోరణి మారింది. ఇప్పుడు అదంతా మాయమైపోయిన జానపద కళ అయింది, తీపి జ్ఞాపకం అయింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2002లో హిందీ సినిమా ప్రచారకళ మీద ప్రదర్శన పెట్టాక, ఇక్కడి పెద్దమనుషులకూ ఆ బొమ్మల మీద గౌరవం పుట్టింది.

నా దృష్టిలో ఈ రెండు ధోరణులూ ఒకటే. తిరస్కరించినవాడూ బొమ్మను చూడలేదు, తలచుకుని కన్నీరు పెట్టేవాడూ చూడటం లేదు. సినిమా పాత్రల్ని, ఇటీవలి కాలంలో టెలివిజన్ పాత్రల్ని చిత్తరువులుగా వేసే చిత్రకారుడి పనికి విలువ కట్టాలంటే ముందుగా వేయవలసిన ప్రశ్న ఒకటుంది. అతను వేసింది పాత్ర ముఖమా, తార ముఖమా? ఈ ప్రశ్న చిత్రకళకు మాత్రమే సంబంధించినది కాదని, దీని వెనక మన రాజకీయ జీవితం కూడా ఉన్నదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

మామూలు చిత్తరువులో చిత్రకారుడి ఎదుట కూర్చునేది ఒక్క మనిషి. జమీందారు కావచ్చు, జమీందారు గుమాస్తా కావచ్చు. చిత్రకారుడు ఆ మనిషిని చూసి, అర్థం చేసుకుని, ఒక నిర్ణయానికి వచ్చి వేస్తాడు. పాత్ర చిత్తరువులో అలా కాదు. అక్కడ ఎదుట ఉండేది ఇద్దరు. ఒకరు నటుడు, రెండోవారు ఆ నటుడు ధరించిన పాత్ర. నటుడికి శరీరం ఉంది, పాత్రకు లేదు. పాత్ర ఉండేది మాటల్లో, చేతల్లో, ఇతర పాత్రలతో దానికున్న సంబంధాల్లో.

సాహిత్య విద్యార్థులకు ఈ సంగతి తెలియనిది కాదు. గిరీశం ఎలా ఉంటాడో గురజాడ మనకు ఫొటో తీసి ఇవ్వలేదు. గిరీశం ఎలా మాట్లాడతాడో, ఎవరి దగ్గర ఏ గొంతు పెడతాడో, ఎప్పుడు ఏ మంచం కింద దాక్కుంటాడో చూపించాడు. పాఠకులు తలా ఒక ముఖం ఊహించుకున్నారు. 1955లో 'కన్యాశుల్కం' సినిమాగా వచ్చినప్పుడు గిరీశానికి ఎన్.టి. రామారావు ముఖమూ, మధురవాణికి సావిత్రి ముఖమూ వచ్చాయి. ఇకమీదట గిరీశం బొమ్మ వేయబోయే చిత్రకారుడి ముందు రెండు దారులున్నాయి. స్టిల్ చూసి వేస్తే రామారావు వస్తాడు. నాటకం చదివి, ఆ నటన చూసి, రెంటినీ కలిపి ఆలోచించి వేస్తే గిరీశం వస్తాడు. రెండో దారి కష్టమైనది. దానికి గిరాకీ తక్కువ.

2

గిరాకీ ఎందుకు తక్కువో తెలియాలంటే స్టూడియోలో పని ఎలా జరిగేదో తెలియాలి. ఒకప్పుడు ఆంధ్ర ప్రాంతానికంతటికీ సినిమా పంపిణీ వ్యాపార కేంద్రం విజయవాడ గాంధీనగరం. ఆ సందుల్లో బ్యానర్లు వేసే ఒక షెడ్డుకు నేను కొన్నాళ్లు తరచుగా వెళ్లేవాణ్ణి.

పంపిణీ ఆఫీసు నుంచి స్టిల్స్ వచ్చేవి. ఆ ఫొటో మీద చిన్న చదరాలు గీసేవారు. చెక్క చట్రానికి బిగించి తెల్లరంగు పూసిన గుడ్డ మీద పెద్ద చదరాలు గీసేవారు. చిన్న గడిలో ఏ గీత ఎక్కడుందో పెద్ద గడిలో బొగ్గుతో అక్కడే గీసేవారు. పొడి రంగుల్ని అవిసె నూనెలో కలిపేవారు. పని పంపకం ఖచ్చితంగా ఉండేది. కుర్రవాళ్లు గుడ్డ బిగించి, రంగులు నూరి, నేపథ్యం నింపేవారు. కాస్త చెయ్యి తిరిగినవారు బట్టలూ నగలూ వేసేవారు. అక్షరాలకు వేరే మనిషి. ముఖం మాత్రం పెద్ద ఆర్టిస్టు వేయాలి, అందులోనూ కళ్లు ఆయనే దిద్దాలి. దగ్గరికి వెళ్లి చూస్తే బుగ్గ మీద ఆకుపచ్చ, గడ్డం కింద నీలం, ముక్కు పక్కన ఎరుపు, అన్నీ కట్టెకొట్టినట్టు వేసిన బద్ద గీతలు. రోడ్డు అవతలికి వెళ్లి చూస్తే అదే ముఖం, నిండుగా, గుండ్రంగా. కదిలే బస్సులోంచి ఒక్క క్షణం చూసే మనిషి కోసం కనిపెట్టుకున్న పద్ధతి అది. ఏ కళాశాలా ఇది నేర్పలేదు.

కూలి చదరపు అడుగు లెక్కన. బొమ్మ మూలన ఉంటే స్టూడియో పేరు ఉండేది, వేసిన చేతుల పేర్లు ఉండేవి కావు. సినిమా వెళ్లిపోయాక అదే గుడ్డ మీద మళ్లీ తెల్లరంగు పూసేవారు. తను వేసిన బొమ్మను తన చేత్తోనే చెరిపి, దాని మీద ఇంకొకటి వేయడం ఆ వృత్తిలో నిత్యకృత్యం. శ్రామికుడికి తన శ్రమఫలం పరాయిదవుతుందని పుస్తకాల్లో చదువుకున్నాం. అది ఇంత అక్షరాలా జరగడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ షెడ్డులో నేను గమనించిన విషయం ఇంకొకటుంది. ఎవరి ముఖం ఎంత పెద్దదిగా ఉండాలో చిత్రకారుడు నిర్ణయించేవాడు కాదు. కథ కూడా నిర్ణయించేది కాదు. తార స్థాయి నిర్ణయించేది. పోలిక తప్పితే అభిమానులు గొడవకు వస్తారని పెద్ద ఆర్టిస్టు చెప్పేవాడు. పాత్ర తప్పిందని ఎవరైనా వచ్చారా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వులో ఈ వ్యాసానికి కావలసిన విషయమంతా ఉంది.

3

అయితే చిత్రకారుడు ఎప్పుడూ నటుడి వెనకాలే నడిచాడని అనుకోకూడదు. మన దేశంలో సినిమాకు చిత్రకారుడు బయటివాడు కాదు. ఫాల్కే సినిమాకు ముందు రవివర్మ ముద్రణాలయంలో పనిచేశాడు. కొల్హాపూరులో సినిమా తీసిన బాబూరావుకు 'పెయింటర్' అన్నదే ఇంటిపేరయింది. మన దగ్గర 'మాయాబజార్' (1957) కళాదర్శకుల్లో ఒకరు మాధవపెద్ది గోఖలే. పేదల బతుకుల్ని, దళితుల బతుకుల్ని కథలుగా రాసిన అభ్యుదయ రచయిత ఆయన. మన సాహిత్య చరిత్రల్లో గోఖలే కథకుడుగా ఒక పేరాలో ఉంటాడు, సినిమా చరిత్రల్లో కళాదర్శకుడుగా ఒక వాక్యంలో ఉంటాడు. ఇద్దరూ ఒక్కరే అన్న స్పృహతో రాసిన వ్యాసాలు అరుదు. కళాదర్శకుడు వేషానికి నమూనా గీసినప్పుడు వరస తలకిందులవుతుంది. పాత్ర ముందు కాగితం మీద పుడుతుంది, నటుడి ముఖం ఆ పాత్రను వెతుక్కుంటూ దాని దగ్గరికి వస్తుంది.

పాత్ర చిత్తరువుకు పరీక్ష పెట్టాలంటే 'మాయాబజార్' కంటే మంచి చిత్రం దొరకదు. సావిత్రి అందులో శశిరేఖ. శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడు కూడా ఆమే. ముఖం ఒకటి, నగలు ఒకటి, చీరకట్టు ఒకటి. పాత్రలు రెండు. తార ముఖం వేసే చిత్రకారుడి చేతిలో ఈ రెండు బొమ్మలకూ తేడా ఉండదు, రెండూ సావిత్రే అవుతాయి. పాత్ర ముఖం వేసేవాడు మాత్రం భుజాల బిగువు చూడాలి, కనుబొమ ఎత్తడం చూడాలి, లక్ష్మణకుమారుణ్ణి ఆట పట్టించేటప్పుడు పెదవి చివర కనిపించే రాక్షసపు అల్లరిని పట్టుకోవాలి. ఆడవేషంలో ఉన్న మొగవాణ్ణి ఒక స్త్రీ నటించింది. ఆ మూడు పొరలూ బొమ్మలో కనబడితే ఆ చిత్రకారుడు సావిత్రి నటనను చదివినట్టు. పోలిక కుదరడం ఈ పనిలో మొదటి మెట్టు మాత్రమే.

ఇంకో సంగతి. 'మాయాబజార్' నలుపు తెలుపుల చిత్రం. దానికి రంగులద్ది మళ్లీ విడుదల చేసింది 2010లో. అంతవరకూ తెర మీది కృష్ణుడు బూడిదరంగు మనిషే. కానీ జనం మనసులో ఉన్నది నీలి కృష్ణుడు, పసుపు పట్టుబట్ట, నెమలిపింఛం రంగులు. సినిమా ఇవ్వని ఆ రంగులు ఎవరిచ్చారు? పోస్టర్లు వేసినవాళ్లు, బ్యానర్లు వేసినవాళ్లు, కేలండరు బొమ్మలు వేసినవాళ్లు ఇచ్చారు. నలుపు తెలుపు స్టిల్‌ని ఎదురుగా పెట్టుకుని ఏ మేనికి ఏ రంగు, ఏ నీడకు ఏ ఛాయ అని తమ బుర్రతో నిర్ణయించారు. వాళ్లని నకలు తీసేవాళ్లు అని తీసిపారేసిన విమర్శకులు ఈ విషయానికి జవాబు చెప్పవలసి ఉంటుంది.

4

అంతమాత్రాన ఆ రంగులన్నీ మంచికే పనిచేశాయని నేననను. కృష్ణుడి వేషంలో ఉన్న నటుడి బొమ్మ ఇళ్లల్లో గోడలకెక్కింది, కొన్ని ఇళ్లల్లో దేవుడి పటాల సరసన చేరింది. బొమ్మలో పాత్రకూ నటుడికీ మధ్య ఎడం లేకుండాపోయింది. నటుడు పాత్రను చూపించాలే తప్ప పాత్రలో కరిగిపోకూడదని, ప్రేక్షకుడికి ఆలోచించే చోటు మిగలాలని బ్రెహ్ట్ వాదించాడు. కెమెరా వల్ల నటుడు పోగొట్టుకున్న తేజస్సుకు బదులుగా వ్యాపారం 'తార' అనే కృత్రిమ తేజస్సును తయారుచేస్తుందని వాల్టర్ బెంజమిన్ 1936 నాటికే గుర్తించాడు. వ్యాపారానికి ఆ ఎడం పూడిపోవడం లాభం. ఎందుకంటే కృష్ణుణ్ణి అమ్మలేం, కృష్ణుడైన తారను అమ్మవచ్చు.

1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు మూడు వేషాలు వేశారు. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. చిత్రకారుడికి ఇంతకంటే గట్టి సవాలు ఉండదు. కపటమెరిగినవాడూ, మోసపోయినవాడూ, అహంకారీ ఒకే ముఖంలో ఉండాలి. కిరీటాలు మార్చి, మీసం పెట్టి, రంగు మార్చి ఊరుకుంటే కనిపించేది ఒక తార తాలూకు మూడు వేషాలే. కర్ణుడి ముఖంలో కులం పేరుతో అవమానపడ్డ మనిషి కనిపించినప్పుడు, దుర్యోధనుడి ముఖంలో స్నేహం చేయగల దర్పం కనిపించినప్పుడు మాత్రమే అవి మూడు చిత్తరువులవుతాయి. ఆ నటుడు 1982లో పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ గెలుపుకు రాజకీయ కారణాలు బలమైనవే ఉన్నాయి, బొమ్మలే గెలిపించాయనడం అమాయకత్వం. కానీ రెండు దశాబ్దాలకు పైగా గోడ గోడనా ఆ ముఖాన్ని దేవుడి ముఖంగా దిద్దిన కుంచెకు ఆ చరిత్రలో వాటా లేదనడం కూడా అంతే అమాయకత్వం.

ఇది తెలుగుదేశానికే పరిమితమైన విషయం కాదు. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' వచ్చింది. జనం టెలివిజన్ పెట్టెలకు దండలు వేశారు. అందులో సీత వేసిన దీపికా చిఖ్లియా, రావణుడు వేసిన అరవింద్ త్రివేదీ 1991లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 'మహాభారత్'లో కృష్ణుడు వేసిన నితీష్ భరద్వాజ్ 1996లో ఎన్నికయ్యారు. రాముడు వేసిన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుంచి ఎన్నికయ్యారు. రావణుడు వేసినవాడు కూడా గెలిచాడన్నది గమనించండి. మంచి పాత్రా చెడ్డ పాత్రా అన్నది ఇక్కడ లెక్కకు రాలేదు, ముఖం పరిచయం అయిందా లేదా అన్నదే లెక్కకు వచ్చింది. పాత్రకూ మనిషికీ మధ్య ఎడం చెరిగిపోతే జరిగేది ఇది. ఆ ఎడాన్ని కాపాడటం చిత్రకారుడి బాధ్యతల్లో ఒకటని నేనంటున్నాను.

5

కూలికి పనిచేసేవాడి మీద ఇంత బాధ్యత మోపడం న్యాయమా అని మిత్రులు అడగవచ్చు. ప్రశ్న సరైనదే. స్వేచ్ఛ లేని చోట తప్పొప్పులు లెక్కకట్టడం విమర్శ కాదు. కానీ ఆ బానిసత్వంలోనే కొంత వెసులుబాటు ఉండేది. అది ఎక్కడుండేదో చూడాలి.

బ్యానరు మధ్యలో నాయకుడి ముఖం ఉండేది. దానికి కాపలా గట్టిది. అంచుల్లో, మూలల్లో చిన్న ముఖాలుండేవి. రమణారెడ్డి, రేలంగి, రాజనాల, సూర్యకాంతం. వీళ్ల ముఖాలకు అభిమాన సంఘాల కాపలా లేదు. అంచేత చిత్రకారుడి చెయ్యి అక్కడ ఆడేది. సూర్యకాంతం ఎడమచెయ్యి విసురు, రమణారెడ్డి బక్క శరీరంలోని వంపు, రాజనాల కనుబొమల మధ్య ముడత, ఇవన్నీ ప్రాణంతో వచ్చేవి. మధ్యలో తార, అంచుల్లో పాత్రలు. ఒకే గుడ్డ మీద, ఒకే చేతితో. మార్కెట్ ఒత్తిడి తగ్గిన చోట కళ ఊపిరి పీల్చుకుంటుందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం కావాలా?

అయితే ఆ వెసులుబాటులో చిత్రకారులు చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. రౌడీకి, దొంగకు, అడవి మనిషికి ముదురు ఆకుపచ్చ నీడలు, నల్లటి మేను. నాయకుడు రిక్షా తొక్కినా, నాగలి పట్టినా బుగ్గల మీద గులాబీ రంగే. ఎండలో పనిచేసే మనిషి ఒంటి రంగు ఎలా ఉంటుందో ఆ చిత్రకారులకు తెలియక కాదు. వాళ్ల సొంత చేతులు ఆ రంగులోనే ఉండేవి. కానీ ఆ రంగు వికారానికీ నేరానికీ గుర్తుగా మారిపోయింది. 1943 బెంగాలు కరువులో చిత్తప్రసాద్ వేసిన బొమ్మల్ని దీని పక్కన పెట్టి చూడండి. ఆకలితో ఉన్న మనిషి ముఖాన్ని వేసి, ఆ మనిషి పేరూ ఊరూ రాసుకున్నాడు. ఆ పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టింది. కూలి మనిషి ముఖాన్ని ఉన్నది ఉన్నట్టు వేయడం ఎంత ప్రమాదకరమైన పనో ఏలేవాళ్లకు తెలుసు. తారలు లేకుండా వచ్చిన 'మా భూమి' (1980) వంటి చిత్రాలు మన ప్రచార చిత్రకారుడి ముందు కొత్త సమస్య పెట్టగలిగేవి. అమ్ముడుపోయే ముఖం లేనప్పుడు పాత్రనే వేయాలి. ఆ తరహా చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కావడంతో ఆ అవకాశం పెరగలేదు. 'మా భూమి' నిర్మాత బి. నర్సింగరావు తర్వాత చిత్రకారుణ్ణే నాయకుడిగా పెట్టి 'రంగుల కల' (1983) తీశారు. చిత్రకారుడి బతుకు మన సినిమాకు వస్తువు కావడం చాలా అరుదు.

6

మ్యూజియం గోడల సంగతి కూడా చూద్దాం. ఎం.ఎఫ్. హుసేన్ 1930లలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నాడు. తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. పెద్దవయసులో మాధురీ దీక్షిత్ బొమ్మలు వరసగా వేశాడు. ఆ బొమ్మల్లో గీత బలం ఉంది, కాదనను. కానీ అవి తార బొమ్మలే, పాత్రల బొమ్మలు కావు. తేడా ఏమిటంటే సంతకం. సంతకం లేని ముఖానికి చదరపు అడుగు కూలి, సంతకం ఉన్న ముఖానికి వేలంపాట. అమెరికాలో ఆండీ వార్హోల్ 1962లో మార్లిన్ మన్రో ముఖాన్ని పదే పదే అచ్చువేశాడు. దానికి ఆధారం 'నయాగరా' (1953) సినిమా ప్రచారానికి తీసిన ఫొటో. ఒకే ముఖం వరసగా యాభైసార్లు కనిపించేసరికి అది మనిషి ముఖం కాదని, అచ్చుకొట్టిన సరుకని తెలిసిపోతుంది. తార సరుకని చూపించినందుకు వార్హోల్‌కు గౌరవం ఇద్దాం. ఆ పని చూపించి అతను కూడా ధనికుడయ్యాడన్నది కూడా మరిచిపోవద్దు. అదే ముఖాన్ని అదే వారంలో పదిసార్లు చేత్తో వేసిన మన షెడ్డు చిత్రకారుడికి ఏ సిద్ధాంతమూ తోడు రాలేదు.

7

1990ల చివరి నుంచి ఫ్లెక్సీ వచ్చింది. షెడ్లు మూతపడ్డాయి. కొందరు సైనుబోర్డులకు వెళ్లారు, కొందరు వేరే కూలికి వెళ్లారు. ఇప్పుడు పాత్రల చిత్తరువులు వేసే స్టూడియోలు వేరే రకంవి. ఇంటి హాల్లోకి, హోటలు గోడకు, పుట్టినరోజు కానుకకు రెండడుగుల బొమ్మలు ఆర్డరు మీద వేస్తున్నారు. పౌరాణిక సినిమా పాత్రలు, పాత సీరియల్ పాత్రలు, విదేశీ సీరియళ్ల పాత్రలు, అన్నీ ఉన్నాయి. పంపిణీదారు పోయాడు, అభిమాని నేరుగా వచ్చాడు. స్టిల్ బదులు సెల్‌ఫోన్ చూపిస్తున్నాడు. పోలిక అనే శాసనం నలభై అడుగుల నుంచి రెండడుగులకు తగ్గింది తప్ప రద్దు కాలేదు.

హైదరాబాదులో అలాంటి ఒక స్టూడియో చూశాను. నడిపేది ఒక యువ చిత్రకారిణి. గోడ నిండా నాయకుల బొమ్మలున్నాయి. నిగనిగలాడుతున్నాయి, ఫోన్‌లో ఉన్నట్టే ఉన్నాయి, అంతకుమించి ఏమీ లేదు. ఒక మూల మాత్రం గుండమ్మ ఉంది. 'గుండమ్మ కథ' (1962) అనగానే మనకు గుర్తొచ్చే గయ్యాళి గుండమ్మ కాదు. కథ చివర్లో తన ఇంట్లోనే తన మాట చెల్లకుండా పోయిన గుండమ్మ. ఎడమచెయ్యి ఒళ్లో వాలి ఉంది. ఎప్పుడూ లేచే ఆ చెయ్యి వాలిపోవడంలో ఒక ఇంటి పెత్తనం కూలిన కథ అంతా ఉంది. ముఖం పోలిక అంత ఖచ్చితంగా లేదు కూడా. అయినా ఆమె గుండమ్మ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చిత్రకారిణి స్టిల్‌ని చూసి కాదు, పాత్రను చదివి వేసింది. నాయకుల బొమ్మలు ఎప్పటికప్పుడు వెళ్లిపోతున్నాయని, గుండమ్మను ఎవరూ అడగలేదని ఆమె చెప్పింది.

ఇప్పుడు పోలికను కంప్యూటరు క్షణంలో ఇస్తుంది. మాట చెబితే బొమ్మ గీసే యంత్రాలు వచ్చాయి. అంటే పోలిక కోసం చిత్రకారుడు అవసరమయ్యే రోజులు గడిచిపోయాయి. ఇది చిత్రకారుడికి చావుకబురని చాలామంది అంటున్నారు. కూలి మాట వరకు అది నిజం, ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కళ మాట వరకు మాత్రం ఒక అబద్ధపు కొలమానం తొలగిపోతోంది. పోలిక ఊరికే దొరికేటప్పుడు, మనిషి చేత్తో వేసిన బొమ్మకు మిగిలే న్యాయమైన కారణం పాత్రను అర్థం చేసుకోవడమే.

అందువల్ల రచయితలకు, సాహిత్య విద్యార్థులకు నాదొక విన్నపం. నవలలో పాత్రపోషణను చర్చించడానికి మనకు అలవాటైన పనిముట్లు ఈ బొమ్మల దగ్గర కూడా పనికొస్తాయి. పాత్ర చిత్తరువు ప్రదర్శన ఎక్కడైనా జరిగితే వెళ్లండి. ఎంత బాగా కుదిరింది అనే మాట పక్కన పెట్టి, ఈ ముఖం ఏ పని చేసిన ముఖం, ఎవరికి భయపడిన ముఖం, కథలో ఏ ఘడియ నాటి ముఖం అని అడగండి. జవాబు దొరికితే రాయండి, దొరక్కపోతే అదీ రాయండి. 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెలుగు పోస్టర్లు వేసి, 2021లో కన్నుమూసిన ఈశ్వర్ తన వృత్తి గురించి 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాశారు. పనిచేసిన మనిషే పని గురించి రాసిన పుస్తకాలు మనకు చాలా కొద్ది, దాన్ని చదవండి. బ్యానరు షెడ్లలో ముఖాలు దిద్దినవాళ్లలో చాలామంది ఇంకా మన ఊళ్లల్లోనే ఉన్నారు. పేరు లేకుండా పనిచేసిన వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పేది వాళ్ల పేర్లతో సహా రాసిపెట్టడం మన చేతిలో ఉన్న పని. అది వచ్చే తరానికి వదిలేస్తే చెప్పేవాళ్లు మిగలరు.